పోలండ్ వీసా కుంభకోణం: ఒకరు 268 అంటారు, ఒకరు రెండున్నర లక్షలంటారు. ఏది నమ్మాలి?

బారువ కెరటం:

అందరికీ నమస్కారం. మాది బారువ. మా తమ్ముడు ఫిట్టరు. ఐటీఐ అయ్యాక విశాఖలో కాంట్రాక్టు పనులు చేశాడు. వచ్చే నెల పోలండ్‌లో గ్డీనియా అనే ఊరికి ఓడల మరమ్మతు పని మీద వెళ్తున్నాడు. మా వీధిలో దుబాయి, మస్కట్ వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని పోలండ్ వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. అందుకని రోజూ రాత్రి కూర్చుని ఆ దేశం గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

చదివేకొద్దీ భయం ఎక్కువవుతోంది. 2023లో అక్కడి మంత్రి మనుషులు డబ్బులు తీసుకుని వీసాలు అమ్మారని, అందులో ఇండియా పేరు కూడా వచ్చిందని తెలిసింది. ఒక చోట రెండున్నర లక్షల వీసాలు అని ఉంది. ఇంకో చోట 268 మాత్రమే, మిగతాదంతా ప్రతిపక్షం కట్టుకథ అని ఉంది. పోలిష్ పత్రికలను మెషీన్ అనువాదంలో చదివాను. ఒకే రోజు, ఒకే విషయం, రెండు పత్రికలు. రెండూ ఒకే దేశం గురించి రాసినట్టు లేవు. ఒకదాంట్లో వాళ్ళు దొంగలు, రెండో దాంట్లో వీళ్ళు దేశద్రోహులు.

మా నాన్న ఒకటే అడుగుతున్నారు, 'ఆ గొడవలో మనోళ్ళు ఎక్కడున్నారురా' అని. నాకు జవాబు తెలియడం లేదు. ఏ లెక్క నిజం? మనవాళ్ళ విషయంలో ఏ పార్టీ మంచిది? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

కోట దగ్గర మాస్టారు:

బాబూ, నేను విజయనగరంలో పాలిటిక్స్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. పోలండ్ వెళ్ళలేదు. కానీ ఆ దేశ చరిత్ర పాతికేళ్ళు తరగతిలో చెప్పాను కాబట్టి నాకు తెలిసిన మేరకు రాస్తాను. అక్కడ ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా మిగతాది చెప్పాలి.

ముందు జరిగింది చూడు. 2023 ఆగస్టు 31న విదేశాంగ శాఖ ఉపమంత్రి పియోటర్ వావ్‌జిక్‌ను పదవిలోంచి తీసేశారు. ఆయనకు దగ్గరగా మసిలిన ఒక మనిషి, ఫలానా గుంపుకు వీసాలు ఇమ్మని కాన్సులేట్ల మీద ఒత్తిడి తెచ్చాడన్నది ఆరోపణ. ఇండియాకు సంబంధించిన భాగం ఏమిటంటే, సినిమా యూనిట్ సభ్యులమని చెప్పుకున్న కొన్ని గుంపులకు ముంబైలో వీసాలు దొరికాయని, వాళ్ళలో కొందరు అక్కడినుంచి మెక్సికో మీదుగా అమెరికా చేరాలని చూశారని ఓనెట్ అనే వార్తాసంస్థ బయటపెట్టింది. 2024 జనవరిలో వావ్‌జిక్‌ను అదుపులోకి తీసుకుని అభియోగాలు పెట్టారు.

ఇక ఆ రెండు లెక్కలు. 268 అన్నది అప్పటి పాలకపక్షం, అంటే లా అండ్ జస్టిస్ పార్టీ, దర్యాప్తులో ఉన్న వీసాలు ఇన్నే అని చెప్పిన సంఖ్య. రెండున్నర లక్షలన్నది ఆసియా, ఆఫ్రికా దేశాలవారికి ఆ సంవత్సరాల్లో ఇచ్చిన మొత్తం వీసాల సంఖ్య. అందులో నీ తమ్ముడిలాంటి వెల్డర్లు, ఫిట్టర్లు, చదువుకోడానికి వెళ్ళిన పిల్లలు, లారీ డ్రైవర్లు అందరూ ఉన్నారు. ప్రతిపక్షం ఆ మొత్తాన్ని పట్టుకొచ్చి కుంభకోణం పక్కన నిలబెట్టింది. ఒకరు చిన్నది చేసి చూపించారు, ఒకరు పెద్దది చేసి చూపించారు. నేరం జరిగిందన్నది మాత్రం నిజం.

నువ్వు అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకొకటుంది. ఇరవై ఏళ్ళ కిందట ఇదే పోలండ్‌లో ఒక కుంభకోణం ఒక పార్టీని కూల్చేసింది. 2002లో లెవ్ రివిన్ అనే సినిమా నిర్మాత ఒక పెద్ద పత్రిక సంపాదకుడు ఆడం మిఖ్నిక్ దగ్గరికి వెళ్ళి, మీడియా చట్టం మీకు అనుకూలంగా మార్పిస్తాం, ఒక కోటీ 75 లక్షల డాలర్లు ఇవ్వండి అన్నాడు. మిఖ్నిక్ ఆ మాటలు రికార్డు చేశాడు. పార్లమెంటు కమిటీ విచారణ టీవీలో ప్రత్యక్షంగా వచ్చింది, జనం పనులు మానుకుని చూశారు. 2001లో 41 శాతం ఓట్లు తెచ్చుకున్న వామపక్ష కూటమికి 2005లో 11 శాతం మిగిలాయి.

అదే 2023కు రా. వీసాల గొడవ సెప్టెంబరంతా నడిచింది, అక్టోబరు 15న ఎన్నిక. అయినా లా అండ్ జస్టిస్‌కు 35 శాతం పైగా ఓట్లు వచ్చాయి, అన్ని పార్టీలకన్నా ఎక్కువ. అధికారం పోయింది, ఎందుకంటే మిగతావాళ్ళు కలిశారు, పోలింగు 74 శాతం దాటింది. అంతకు ముందు ఎన్నికలో అది 62 శాతం లోపే. అంటే కుంభకోణం వల్ల ఆ పార్టీ గట్టి ఓటర్లు పెద్దగా కదల్లేదు, ఇంట్లో కూర్చునేవాళ్ళు కదిలారు.

ఈ ఇరవై ఏళ్ళలో మారిందేమిటి? పార్టీ అన్నది 'నాకు నచ్చిన విధానం' అన్న స్థాయి దాటి 'నేను ఎలాంటి పోలిష్ మనిషిని' అన్నదానికి జవాబైపోయింది. 1795 నుంచి 1918 దాకా 123 ఏళ్ళు ఆ దేశం మ్యాపులో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. రాజ్యం లేని జాతి భాషలోను, చర్చిలోను, ఇంట్లో చెప్పుకునే కథల్లోను బతికింది. అందుకే అక్కడ 'నువ్వు లంచం తిన్నావు' అన్నదానికన్నా 'నువ్వు పరాయివాడి మనిషివి' అన్నదే పెద్ద నింద. రెండు పక్షాలూ రెండోవాళ్ళ మీద వేసేది ఆ నిందే. ఒకరిని బెర్లిన్ మనుషులంటారు, ఇంకొకరిని మాస్కోకు పనికొచ్చేవాళ్ళంటారు. ఆ మాట పడ్డాక సాక్ష్యం చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

కవిటి వెల్డర్:

మాస్టారు బాగా చెప్పారు. నేను 2018 నుంచి 2024 దాకా గ్డాన్‌స్క్‌లో ఉన్నాను, మీ తమ్ముడు వెళ్ళే గ్డీనియా పక్క ఊరే. లోకల్ ట్రైన్ ఉంటది. వెల్డింగ్ పని. కంపెనీ పేరు ఎందుకులే. ఇప్పుడు కవిటిలోనే ఉన్నాను.

నేను చెప్పేదేటంటే, పుస్తకంలో చదివితే రెండు పార్టీలు కనపడతాయి. అక్కడ పనిచేస్తే రెండు బెంచీలు కనపడతాయి. మా క్యాంటీన్లో కిటికీ దగ్గర బెంచీ ఒకలది, తలుపు దగ్గరది ఒకలది. నాకు పని నేర్పిన పెద్దాయన కిటికీ దగ్గర కూర్చునేవాడు. లా అండ్ జస్టిస్ మనిషి. క్రేన్ నడిపే కుర్రోడు తలుపు దగ్గర, టుస్క్ మనిషి. టుస్క్ అంటే సివిక్ ప్లాట్‌ఫాం పార్టీ నాయకుడు, వీసాల గొడవప్పుడు ప్రతిపక్షం, 2023 డిసెంబరు నుంచి ప్రధాని. ఇద్దరూ నాకు అన్నం పెట్టినోళ్ళే. చలికాలం మొదట్లో నాకు బూట్లు కొనిచ్చింది పెద్దాయన. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కుర్రోడు.

గ్డాన్‌స్క్ షిప్‌యార్డు రెండో నంబరు గేటు దగ్గర మూడు పెద్ద శిలువలు ఉంటాయి. 1970లో సైన్యం కాల్చి చంపిన కార్మికుల కోసం కట్టినవి. 1980 ఆగస్టులో సమ్మె లేచింది అక్కడే. ఎందుకు లేచిందో మీకు తెలుసా? ఆన్నా వాలెంటినోవిచ్ అనే ఆవిడని పనిలోంచి తీసేశారు, రిటైర్మెంటుకి అయిదు నెలలుందనగా. ఆవిడ వెల్డర్‌గా చేరి తర్వాత క్రేన్ ఆపరేటర్ అయింది. ఆవిడని తిరిగి తీసుకోమని మొదలైన సమ్మె సాలిడారిటీ అనే కార్మిక సంఘం అయింది. దానికి నాయకుడు లెహ్ వావెన్సా, ఎలక్ట్రీషియన్. పదేళ్ళకి దేశానికి ప్రెసిడెంటు. మనలాగ చేతిపని చేసుకునేవాళ్ళు ఒక ప్రభుత్వాన్ని వంచారంటే నాకు ఆ గేటు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఒళ్ళు గగుర్పొడిచేది.

ఇప్పుడు వినండి. ఇయ్యాళ కొట్టుకుంటున్న రెండు పార్టీలవాళ్ళూ ఆ ఒక్క గేటులోంచి వచ్చినోళ్ళే. టుస్క్ గ్డాన్‌స్క్ మనిషి, కుర్రతనంలో సాలిడారిటీ. లా అండ్ జస్టిస్ పెట్టిన కాచిన్‌స్కీ అన్నదమ్ములూ సాలిడారిటీయే, తమ్ముడు లెహ్ గ్డాన్‌స్క్ దగ్గరే పనిచేశాడు. 1989లో కమ్యూనిస్టులతో టేబులు చుట్టూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు కదా, అక్కడ చీలింది. ఒకలంటారు, రక్తం చిందకుండా దేశం గెలిచింది అని. రెండోవాళ్ళంటారు, లోపల్లోపల పంచుకున్నారు, పాతవాళ్ళని శిక్షించకుండా వదిలీసినారు అని. వాలెంటినోవిచ్ కూడా వావెన్సాకి ఎదురు తిరిగింది. ఆయన రహస్య పోలీసుల మనిషని ఆవిడ చచ్చిపోయేదాకా అంది. 2016లో ఒక పాత కమ్యూనిస్టు మంత్రి ఇంట్లో ఫైళ్ళు దొరికాయి, వావెన్సా సంతకాలతో. చేతిరాత నిపుణులు నిజమైనవే అన్నారు. ఆయన కాదన్నాడు. మా పెద్దాయన ఆ రోజు గురించి చెప్తుంటే చేతులు వణికేవి. కుర్రోడికి అదేమీ లెక్కలేదు, 'యవ్వనంలో భయపడి ఏదో సంతకం పెట్టాడే అనుకో, ఆ తర్వాత చేసింది ఎవడు చేశాడు' అనేవాడు. నాకు ఇద్దరిలో ఎవరిది తప్పో ఎప్పుడూ అనిపించలేదు. ఫైళ్ళు నిజమై ఉండొచ్చు, సమ్మె కూడా నిజమే. రెండూ ఒకే మనిషివి.

వాలెంటినోవిచ్ 2010 ఏప్రిల్ 10న రష్యాలో స్మోలెన్‌స్క్ దగ్గర విమానం కూలి చనిపోయింది. అదే విమానంలో ప్రెసిడెంటు లెహ్ కాచిన్‌స్కీ, ఆయన భార్య, సైన్యాధికారులు, మొత్తం 96 మంది. 1940లో స్టాలిన్ చంపించిన వేలమంది పోలిష్ అధికారుల స్మారకానికి, కతీన్‌కి వెళ్తూ కూలారు. పొగమంచు, విమానం మరీ కిందికి దిగింది, పైలట్ల తప్పులు అని అధికార విచారణ తేల్చింది. పేలుడు జరిగింది, దాచేశారు అని లా అండ్ జస్టిస్ ఏళ్ళ తరబడి అంది, అధికారంలోకొచ్చాక దానికో వేరే కమిటీ వేసింది. ప్రభుత్వం మారగానే 2023 డిసెంబరులో ఆ కమిటీని రద్దు చేశారు. మీ తమ్ముడికి ఒక్కటి చెప్పండి. పని దగ్గర ఎవరితోనూ స్మోలెన్‌స్క్ గురించి మాట తియ్యొద్దు. ఆ ఒక్క విషయం మీద మా క్యాంటీన్లో అన్నదమ్ములిద్దరు మాటలు మానేశారు.

2019 జనవరి రాత్రి ఒకటి నేను మర్చిపోలేను. ఊరి మేయరు పావెల్ ఆడమోవిచ్‌ని పిల్లల ఆసుపత్రుల కోసం చందాలు పోగేసే పండగలో, స్టేజీ మీద, అందరూ చూస్తుండగా ఒకడు కత్తితో పొడిచాడు. మర్నాడు చనిపోయాడు. పొడిచినోడు అప్పుడే జైలు నుంచి వచ్చాడు, సివిక్ ప్లాట్‌ఫాం నన్ను అన్యాయంగా జైల్లో పెట్టిందని మైకు పట్టుకుని అరిచాడు. ఆ వారం ఊరంతా కొవ్వొత్తులే. మా పెద్దాయనా వచ్చాడు, కుర్రోడూ వచ్చాడు, ఒకే వరసలో నిలబడ్డాం. నేను అనుకున్నాను, ఇంక వీళ్ళు కలిసిపోతారని.

నెల తిరగలేదు. సర్కారు టీవీ ఆ మేయరు మీద ఎన్నాళ్ళ నుంచో వరసగా కథనాలు వేసింది, ఆ విషం ఎక్కి పొడిచాడు అని కుర్రోడు. వాడికి పిచ్చి, టీవీకేటి సంబంధం, శవం మీద రాజకీయం చేస్తున్నారు అని పెద్దాయన. అక్కడ ఇల్లు ఏ పార్టీదో తెలుసుకోడానికి ఏ ఛానల్ నడుస్తుందో చూస్తే చాలు. మన దగ్గరా అంతే కదా, శ్రీకాకుళంలో ఏ టీకొట్టుకి వెళ్ళినా టీవీ చూసి చెప్పీవొచ్చు. తేడా ఏటంటే అక్కడ ఒక వైపుది జనం సొమ్ముతో నడిచే సర్కారు టీవీ. 2023 డిసెంబరులో టుస్క్ ప్రభుత్వం వచ్చీరాగానే ఆ వార్తల ఛానల్ సిగ్నల్ ఆపేసి యాజమాన్యాన్ని మార్చేశారు. పెద్దాయన ఆ రోజు టిఫిన్ డబ్బా తెరవలేదు. 'చూడు, వీళ్ళది ప్రజాస్వామ్యమట' అన్నాడు. కుర్రోడు సంబరపడ్డాడు. నాకు పెద్దాయన బాధ నిజమనిపించింది, ఆ టీవీ చేసిన పాపమూ నిజమనిపించింది.

ఇక నువ్వు అడిగిన వీసాల సంగతి. 2023 సెప్టెంబరు. ఆ గొడవ ఎందుకంత గట్టిగా తగిలిందంటే, లా అండ్ జస్టిస్ వాళ్ళు 'సరిహద్దు కాపాడేది మేమే' అని చెప్పుకునేవాళ్ళు. బెలారస్ సరిహద్దులో అయిదున్నర మీటర్ల ఎత్తు ఇనుప గోడ కట్టారు, 186 కిలోమీటర్లు. ఎన్నిక రోజునే వలసదారుల మీద రిఫరెండం కూడా పెట్టారు. గోడ కట్టినోళ్ళ ఆఫీసులోంచే వీసాలు బయటికి పోయాయంటే జనానికి ఎలగుంటది?

రెండో వైపు మంచోళ్ళా అంటే, జూలైలోనే టుస్క్ ఒక వీడియో వదిలాడు. వీళ్ళు ఫలానా ఫలానా దేశాలవాళ్ళని తెచ్చి పోస్తున్నారు అని కొన్ని పేర్లు చదివాడు. సౌదీ, ఇరాన్, పాకిస్తాన్, నైజీరియా, ఆ వరసలో ఇండియా. అది నేను హాస్టల్ గదిలో చూశాను. మాతో ఉన్న టెక్కలి కుర్రాళ్ళు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం క్రేన్ కుర్రోడు, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన వాడే, బెంచీ మీద నా పక్కన కూర్చుని అడిగాడు, 'నువ్వు నీ వీసాకి ఎంత ఇచ్చావు?' అని. నవ్వుతూ అడగలేదు, తిట్టినట్టూ అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నాకు గొంతు పట్టీసింది. అయిదేళ్ళుగా నా చేతి అతుకులు చూసినోడు. నేను లాకర్ తీసి పర్మిట్ కాగితం తెచ్చి వాడి ముందు పెట్టాను. పొమేరానియా వొయివోదా, అంటే ఆ రాష్ట్రం గవర్నరులాంటోడి ఆఫీసు ముద్ర, నా పని పేరు, నా జీతం. చదివి వాడు 'అయితే నువ్వు ఆ రెండున్నర లక్షల్లో లేవు' అన్నాడు. ఉన్నాను, ఆ లెక్కలో నేను కూడా ఉన్నాను, అదే మీ నాయకుడు చెప్పటం లేదు అన్నాను. వాడు చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయన కిటికీ దగ్గర్నుంచి 'చూశావా, మీవాళ్ళు అబద్ధం చెప్తున్నారు' అని అరిచాడు. ఆయనకీ చెప్పాను, మీ మంత్రి మనుషులు ఆ పని చెయ్యకపోతే నన్ను ఈ ప్రశ్న ఎవడూ అడిగేవాడు కాదు అని.

మీ నాన్నగారు అడిగినదానికి నా జవాబు అది. మనోళ్ళు ఆ గొడవలో మనుషులుగా లేరు. ఒకరికి చిన్న అంకె, ఒకరికి పెద్ద అంకె. లైన్లో నిలబడి, కాగితాలు సరిగ్గా పెట్టుకుని వెళ్ళినోడి మాట ఏ టీవీలోనూ రాలేదు.

చీపురుపల్లి అమ్మాయి:

అన్నయ్యా, మీరు రాసింది చదివి ఏడుపొచ్చింది. నేను లుబ్లిన్‌లో మెడిసిన్ చదువుతున్నాను, తూర్పు వైపు. మీరున్నది సముద్రం ఒడ్డు, టుస్క్ కోట. నేనున్నది లా అండ్ జస్టిస్ ప్రాంతం. అందుకని ఒక విషయంలో మీతో, మాస్టారితో విభేదిస్తాను.

మా ఇంటి ఓనరు బామ్మకు డెబ్బై దాటాయి. ఆవిడ ఓటు ఎప్పుడూ వాళ్ళకే. ఆవిడకు సాక్ష్యం చూసే ఓపిక లేదని అనకండి. ఆవిడకు అన్నీ గుర్తున్నాయి. 2014లో వార్సాలో ఒక ఖరీదైన రెస్టారెంటులో అప్పటి టుస్క్ ప్రభుత్వం మంత్రులు తింటూ మాట్లాడుకున్న మాటల్ని వెయిటర్లు రికార్డు చేశారు. అవి పత్రికల్లో వచ్చాయి. ఆక్టోపస్ కూర తిన్నారని దేశమంతా చెప్పుకున్నారు. ఒక మహిళా మంత్రి, నెలకు ఆరు వేల జ్లోటీలకు (ఇక్కడి కరెన్సీ) పనిచేసేవాడు దొంగైనా అయ్యుండాలి, తెలివితక్కువవాడైనా అయ్యుండాలి అన్న అర్థంలో మాట్లాడింది. అప్పట్లో సగటు జీతం నాలుగు వేల లోపే. బామ్మ కూతురు అప్పుడు బట్టల దుకాణంలో పనిచేసేది, ఆరు వేలు ఆవిడ ఎన్నడూ చూడలేదు. బామ్మకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత వచ్చిన లా అండ్ జస్టిస్‌వాళ్ళు 2016 నుంచి పిల్లకు నెలకు 500 జ్లోటీలు ఇచ్చారు. అంతకుముందువాళ్ళు 67కు పెంచిన రిటైర్మెంటు వయసును ఆడవాళ్ళకు 60కి, మగవాళ్ళకు 65కి దించారు. ఆ 500తో మనవడికి కళ్ళద్దాలు, చలికోటు వచ్చాయి. ఇవి గుర్తింపు గొడవలు కావు, ఇంటి ఖర్చులు. దానికి తోడు వార్సా టీవీలో వీళ్ళని చదువురాని పల్లెటూరివాళ్ళలాగా మాట్లాడతారు. ఉత్తరాంధ్రవాళ్ళం, మన యాసను సినిమాల్లో ఎలా వాడుకున్నారో మనకు తెలియదా? బామ్మ మొహంలో ఆ అవమానం చూసినప్పుడు నాకు మా అమ్మ గుర్తొస్తుంది.

గుర్తింపు సంగతి కూడా ఉంది, కాదనను. లుబ్లిన్ ఊరి అంచునే మైదానెక్ క్యాంపు ఉంది, నాజీలు కట్టింది. సిటీ బస్సులో వెళ్ళొచ్చు. ఆవిడ పెద్దన్నను జర్మన్లు తీసుకుపోయారు. జర్మన్లు చేసిన నేరాలను పోలిష్ జాతికి అంటగడితే మూడేళ్ళ దాకా జైలు అని 2018లో చట్టం తెచ్చినప్పుడు ఇజ్రాయెల్, అమెరికా గట్టిగా అభ్యంతరం చెప్పాయి. జూన్‌లో జైలు శిక్ష తీసేశారు. చరిత్ర పరిశోధించేవాళ్ళ గొంతు నొక్కే చట్టం అది, నేను దాన్ని సమర్థించను. కొందరు పోలిష్‌వాళ్ళు యూదులను పట్టిచ్చారన్నదీ చరిత్రే. కానీ బామ్మకు ఆ చట్టం 'మా అన్న బాధితుడు, నేరస్తుడు కాదు' అని ఎవరో మొదటిసారి గట్టిగా చెప్పినట్టు అనిపించింది.

2025 ప్రెసిడెంటు ఎన్నికప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. లా అండ్ జస్టిస్ నిలబెట్టిన కరోల్ నవ్రోత్‌స్కీ డిబేట్‌లో తనకు ఒకటే ఫ్లాటు అన్నట్టు చెప్పాడు. గ్డాన్‌స్క్‌లో రెండోది ఉందని, ఒక ముసలాయన్ని చూసుకుంటానన్న మాట మీద తీసుకున్నాడని, ఆ ముసలాయన చివరికి సర్కారు ఆశ్రమంలో ఉన్నాడని పత్రికలు రాశాయి. ఆ ఫ్లాటును ధర్మసంస్థకు ఇచ్చేశాడు. బామ్మ అది విని రెండు రోజులు ముభావంగా ఉంది, ముసలాయన్ని అలా వదిలేస్తారా అంది. అయినా ఓటు ఆయనకే వేసింది. వార్సాలో ఉన్న కూతురు టుస్క్ వైపు అభ్యర్థి ట్రషకోవ్‌స్కీకి వేసింది. నవ్రోత్‌స్కీకి 50.89 శాతం వచ్చి గెలిచాడు. అంత తెలిసీ ఎందుకు వేశావని అడిగాను. 'అందరూ తిన్నవాళ్ళే తల్లీ, వీళ్ళు తిని మాకూ పెట్టారు' అంది. నాకు ఆ జవాబు నచ్చలేదు. కానీ అది గుడ్డితనం అనలేను.

బారువ కెరటం:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మా నాన్నకు మొత్తం చదివి వినిపించాను. క్యాంటీన్ సంగతి దగ్గర మళ్ళీ చదవమన్నారు.

ఒక్కటి అడగాలి. మా ఏజెంటు నిన్న ఫోన్ చేసి, ఇప్పుడు అక్కడ వీసాలు బాగా బిగించారు, లోపల మంత్రిత్వ శాఖలో మాకు మనిషి ఉన్నాడు, ఇంకో మూడు లక్షలు ఇస్తే పని అయిపోద్ది అన్నాడు. ఇది ఆ పాత వ్యవహారంలాంటిదేనా? పర్మిట్ వచ్చిందని ఒక పీడీఎఫ్ పంపాడు, పోలిష్‌లో ఉంది.

కవిటి వెల్డర్:

ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అక్కడ కటకటాల్లోకి వెళ్ళినోళ్ళు 'లోపల మనిషి' అని చెప్పుకునేవాళ్ళే. ఇప్పుడు కాన్సులేట్‌లో ఎవడైనా అలగ ఫోన్ చేయిస్తే ముందు ఇరుక్కునేది మీ తమ్ముడే. బిగించారన్నది మాత్రం నిజం. టుస్క్ ప్రభుత్వం వచ్చాక విద్యార్థుల వీసాలూ, పని వీసాలూ గట్టిగా చూస్తున్నారు. 2025 మార్చిలో బెలారస్ సరిహద్దు దగ్గర ఆశ్రయం కోరే హక్కునే ఆపేశారు. నువ్వు ఏ పార్టీ మంచిది అని అడిగావు కదా, మనలాంటోళ్ళ విషయంలో ఇద్దరూ ఒకలి కన్నా ఒకలు గట్టిగా ఉన్నామని చూపించుకునే పోటీలో ఉన్నారు. పని దగ్గర మనుషులు వేరు, వాళ్ళని పార్టీ చూసి కొలవొద్దని తమ్ముడికి చెప్పు.

చెల్లీ, బామ్మ మాట నాకు అర్థమైంది. మా పెద్దాయనా అదే అనేవాడు. కాని ఒకటి బామ్మకి చెప్పు, నేను పెద్దాయనకి చెప్పినట్టే. నేరాల్లో దెబ్బతిన్నోళ్ళకి సాయం చెయ్యాల్సిన జస్టిస్ ఫండ్‌లోంచి రెండున్నర కోట్ల జ్లోటీలు తీసి పెగాసస్ అనే ఫోన్ల మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాంతో 2019 ఎన్నికల్లో ప్రతిపక్షం ప్రచారం నడిపిన బ్రెయ్‌జా ఫోన్‌లోకి దూరారు. అందులోని మెసేజీలు మార్చి సర్కారు టీవీలో వేశారు. 2017 నుంచి 2022 దాకా 578 మంది మీద ఆ సాఫ్ట్‌వేర్ వాడారని కొత్త ప్రభుత్వంలో ప్రాసిక్యూటర్ జనరల్ లెక్క చెప్పాడు. మనవడికి కళ్ళద్దాలు వచ్చినందుకు నాకూ సంతోషమే. కాని భర్త చేత దెబ్బలు తిన్న ఆడమనిషికి ఆ ఫండ్‌లోంచి రావాల్సిన డబ్బు ఎక్కడికి పోయిందని ఆవిడ అడగాలి కదా. 'వీళ్ళు మనోళ్ళు' అనుకున్నాక ఆ ప్రశ్న నోటికి రాదు, అదే నాకు కడుపు మండేది. రెండో వైపుకీ అదే జబ్బు. రెండున్నర లక్షల మాట అబద్ధమని తెలిశాక కూడా మా క్రేన్ కుర్రోడు వాళ్ళ నాయకుణ్ణి ఒక్క మాట అనలేదు.

బారువ తమ్ముడూ, ఆ పీడీఎఫ్ నాకు మెసేజ్‌లో పెట్టు, పోలిష్ చదవగలను. పర్మిట్ ఏ వొయివోదా ఆఫీసు ఇచ్చిందో, కంపెనీ పేరు, పని పేరు, జీతం అన్నీ దాని మీద ఉండాలి. గ్డీనియా అంటే పొమేరానియా కింద వస్తది. కంపెనీకి నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను, వాళ్ళ పగలు మన మధ్యాహ్నం నుంచి మొదలవుద్ది. వచ్చేవారం లోపల తేల్చుకుందాం, అంతవరకు ఏజెంటుకి ఏమీ చెప్పకండి. తమ్ముడు బయల్దేరేటప్పుడు పర్మిట్ కాపీలు రెండు తీసి, ఒకటి బ్యాగులో, ఒకటి జేబులో పెట్టుకోమను.